డీజిల్ వద్దు, ఎండ వద్దు అంటున్న మాగ్నెట్ జనరేటర్: గిర్నికి పెట్టొచ్చా?

పర్కాల_పోరడు
మా చిన్నబాపుకు పర్కాల దిక్కు ఒక గిర్ని ఉన్నది. పిండి, కారం, పసుపు అన్నీ పడతడు. 10 హెచ్‌పీ మోటారు. మిర్చి సీజన్ల బిల్లు చూస్తే గుండె ఆగినంత పనైతది. మొన్న ఒకాయన వచ్చి మాగ్నెటిక్ జనరేటర్ అని చెప్పి మా చిన్నబాపు మనసు మొత్తం మార్చేసిండు. 10 కిలోవాట్లదట. డీజిల్ వద్దు, ఎండ వద్దు, గాలి వద్దు. ఒక్కసారి బ్యాటరీతోని షురూ జేస్తే ఇగ లోపలున్న మాగ్నెట్లే దాన్ని తిప్పుకుంట పోతయట. ధర 2,40,000. అడ్వాన్సు లక్ష. ఇంకో ముగ్గురిని చేర్పిస్తే మండలం డీలర్‌షిప్ కూడ ఇస్తడట.

నేను పోయి డెమో చూసిన. ఆకుపచ్చ రంగేసిన రేకు పెట్టె, నడుమెత్తు ఉంటది. చుట్టూ బోల్టులు, ప్రతి బోల్టు మీద ఎర్ర లక్క సీలు. పైన ఒక వోల్టు మీటరు, ముల్లు 230 కాడ నిలబడ్డది. ఎదురుంగ చెక్క పలక మీద ఎల్ఈడీ బల్బులు, పక్కన ఒక టేబుల్ ఫ్యాను. లోపల గుయ్య్ మని ఒకటే సప్పుడు. పావు గంట నడిపిచ్చి బంద్ జేసిండు, మిషిని వేడైతదని.

నేను చదివింది బీకాం. నాకు అనుమానమే గని నోటితోని చెప్పరాలేదు. మాగ్నెట్లతోని కరెంటు పుడ్తదా పుట్టదా? డైనమోల ఉండేది మాగ్నెట్టే కదా?

కాజీపేట_డీజిల్‌షెడ్
ఇంకో ముగ్గురిని చేర్పిస్తే అన్నకాడనే తెలిసిపాయె. అది జనరేటర్ కాదు తమ్మీ, చిట్టీ.

భద్రకాళి_బండ్
ఓట్ల డబ్బాకు కూడ గంత బందోబస్తు సీలు ఉండది 😂

వైండింగ్_మామ
నాది మోటార్ వైండింగ్ షాపు. ఈ పెట్టెలు నాకు కొత్త కాదు. కరోనా అయినంక ఒకాయన కాలిపోయినదాన్ని ఆటోల ఏసుకొచ్చిండు, రిపేర్ చేస్తవా అని. విప్పితే నడిమిట్ల ఇనుప చక్రం, దాని చుట్టూ పాత స్పీకర్లల్ల ఉండే నల్ల ఫెర్రైట్ మాగ్నెట్లు అరల్డైట్ పెట్టి అంటించిండ్రు. అవి ఉత్త చూపుకు. చక్రాన్ని తిప్పేది పక్కన దాచిన చిన్న డీసీ మోటారు. అడుగున ప్లైవుడ్ చెక్క. చెక్క లేపితే రెండు ఇన్వర్టర్ బ్యాటరీలు, టర్మినళ్లకు గ్రీజు రాసి ముచ్చటగ ఉన్నయి. వాటి పక్కకే ఇన్వర్టర్ బోర్డు. బయటికి పోయే వైరు ఆ బోర్డు నుంచే పోయింది. చక్రానికి దానికి సంబంధమే లేదు.

లెక్క చెప్త. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 1,800 వాట్ అవర్లు. రెండు కలిస్తే మూడున్నర యూనిట్ల పైన. నువ్వు చూసిన ఎల్ఈడీలు 9 వాట్లవి పది అనుకో, ఫ్యాను 50. మొత్తం 140 వాట్లు. రాత్రంత వెలిగినా బ్యాటరీ దిగది, పావు గంట ఏ మూలకు? అదే మీ గిర్ని మోటారు 7.5 కిలోవాట్లు. కాయితం మీద అర గంట రావాలె. నిజానికి మోటారు లేచేటప్పుడు గుంజే కరెంటు మామూలు దానికి ఐదారు రెట్లు ఉంటది, ఆ దెబ్బకే బోర్డు పొగలు కక్కుతది. నా కాడికి వచ్చిన పెట్టె కాలింది గట్లనే.

నర్సంపేట_మిర్చి
మామా, మరి ఆయనకు పైసలు వాపస్ వచ్చినయా?

వైండింగ్_మామ
అమ్మినోని ఫోను స్విచ్చాఫ్. బ్యాటరీలు మంచిగున్నయని తీసి ఇంట్ల ఇన్వర్టర్‌కు పెట్టుకున్నడు. మిగిలింది గదే.

గాలి_మిల్లు
అందరూ ఒక్కటే పాట. ఒకడు మోసం జేసిండని టెక్నాలజీ మొత్తం అబద్ధమైతదా? నియోడిమియం ఎన్52 మాగ్నెట్లు రెండు తెచ్చి కలిపి చూడండి, పెద్దోళ్లు గుంజినా ఊడి రావు. ఆ బలం ఎక్కడిది? ఏండ్లకేండ్లు తగ్గకుంట ఉంటది. దాన్ని సరైన కోణంల పెట్టి తిప్పుడుకు వాడుకుంటే ఏమైతది? 1979ల అమెరికాల హోవార్డ్ జాన్సన్ అనే ఆయనకు ఉత్త మాగ్నెట్లతోని నడిచే మోటారుకు పేటెంట్ కూడ ఇచ్చిండ్రు. ఆయిల్ కంపెనీలు పైకి రానియ్యలేదు, అంతే.

లెక్కల_మేడం
గాలి_మిల్లు గారూ, మీరు బలాన్నీ శక్తినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. గోడకు మేకు కొట్టి చొక్కా తగిలిస్తే మేకు ఇరవై ఏళ్లు మోస్తుంది. దానికి ఎవరూ కూలి ఇవ్వరు, ఎందుకంటే అది పని చేయలేదు. వస్తువు కదిలితేనే పని. మాగ్నెట్ ఇనుమును దగ్గరకు లాక్కునేటప్పుడు కొంచెం పని చేస్తుంది, నిజమే. కానీ మళ్లీ తిప్పి మొదటి చోటికి తేవాలంటే సరిగ్గా అంతే పని మనం చేసి ఊడదీయాలి. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి వచ్చిందీ పోయిందీ సున్నా. బేరింగ్ రాపిడి, గాలి తీసుకునేది అదనపు నష్టం. కోణం మారిస్తే ఎక్కడ లాగుతుంది, ఎక్కడ అడ్డుపడుతుంది అనేది మారుతుంది, మొత్తం మారదు.

మాగ్నెట్‌లో దాగి ఉన్న శక్తి ఎంతో కూడా చూడండి. ఎన్52 రకంలో ఘనపు మీటరుకు సుమారు 400 కిలోజౌళ్లు అంటారు. 50 మి.మీ. పొడవు, 25 వెడల్పు, 10 మందం ఉన్న ముక్క తీసుకుంటే 5 జౌళ్లకు మించదు. 9 వాట్ల బల్బు అర సెకను వెలగడానికి కావలసినంత. అది కూడా మాగ్నెటిజం మొత్తం పిండేస్తే.

పేటెంట్ గురించి: అది ఇచ్చిన మాట నిజం. 1979 నాటిది కాబట్టి గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు ఆ బొమ్మ చూసి ప్రపంచంలో ఎవరైనా పైసా కట్టకుండా తయారు చేసి అమ్ముకోవచ్చు. ఎవరూ అమ్మడం లేదెందుకు?

గాలి_మిల్లు
చెప్పిన కదా మేడం, ఆయిల్ కంపెనీలు.

కాజీపేట_డీజిల్‌షెడ్
మన చెల్పూరు ప్లాంటు 1,100 మెగావాట్లు, రామగుండం ఎన్టీపీసీ 2,600. వ్యాగన్లకు వ్యాగన్లు బొగ్గు కాలవెడ్తున్నరు. ఉత్తగ తిరిగే మిషిని ఉంటే అందరికన్న ముందు వాళ్లే పెట్టుకుందురు కదనె. కరెంటు అమ్ముకునేటోనికి బొగ్గు కొనుడంటే ఇష్టమా ఏంది?

రాతికోట
నేను అటూ ఇటూ కాదు. పర్కాల తమ్ముడు అడిగిన అసలు ప్రశ్నకు జవాబు: పుడ్తది. నేను చేసిన.

పాత సీలింగ్ ఫ్యాను తీసుకున్న. సీలింగ్ ఫ్యానుల వైండింగ్ నడిమిట్ల కదలకుంట ఉంటది, బయటి బాడీ తిరుగుతది. మామూలుగ దాంట్ల మాగ్నెట్లే ఉండయి. బాడీ లోపలి రింగును లేత్ మీద కొంచెం కోయించి, చుట్టూ 14 నియోడిమియం ముక్కలు ఉత్తరం దక్షిణం మార్చి మార్చి అంటించిన. వైండింగ్‌కు ఎన్ని పోల్స్ (ఉత్తర దక్షిణ ధ్రువాలు) ఉంటే గన్నే మాగ్నెట్లు పెట్టాలె, ఇది చాలామంది మర్చిపోతరు. చేతితో గిర్రున తిప్పితే మీటరు మీద 40 వోల్టుల పైన చూపెట్టింది. బల్బు తగిలించంగనే వోల్టేజీ ధబ్బున పడ్డది, చేతికి బరువు తగిలింది.

దాన్ని మా ఊరి చెరువు మత్తడి దుంకేటప్పుడు చిన్న రేకు చక్రం కట్టి పెట్టిన. కింద ఒక బ్యాటరీ చార్జ్ అయ్యింది, బాయికాడ లైటు వెలిగింది. నీళ్లు తగ్గినయి, ఆట బంద్. సెకనుకు పది లీటర్లు ఒక మీటరు కిందికి పడితే 98 వాట్లు వస్తయి, నా అసొంటోడు చేస్తే దాంట్ల సగం దక్కుడు గగనం. గని వస్తది. తిప్పింది నీళ్లు, మాగ్నెట్లు కాదు.

నర్సంపేట_మిర్చి
రాతికోట అన్న, ఆ మత్తడి కాడ చేపలు పట్టేటోళ్లు ఊకున్నరా?

రాతికోట
ఊకుంటరా. చక్రంల వల చిక్కిందని పెద్ద లొల్లి. చివరికి ఆ లైటు వెలుగుల వాళ్లే రాత్రిపూట చేపలు ఏరుకున్నరు.

లెక్కల_మేడం
రాతికోట గారు "చేతికి బరువు తగిలింది" అన్న మాట దగ్గర ఆగండి, మొత్తం విషయం అక్కడే ఉంది. ఫారడే 1831లో మాగ్నెట్ కదిలితే తీగలో కరెంటు పుడుతుందని చూపించాడు. 1834లో లెంజ్ ఇంకో ముక్క చేర్చాడు: అట్లా పుట్టిన కరెంటు తనను పుట్టించిన కదలికకే అడ్డు నిలబడుతుంది. పాతకాలం సైకిల్ డైనమో వాడినవాళ్లకు ఇది పుస్తకం లేకుండానే తెలుసు. టైరుకు ఆనించగానే తొక్కడం బరువయ్యేది. అది 6 వోల్టుల 3 వాట్ల బుడ్డి డైనమో మాత్రమే. ఆ బరువు తయారీ లోపం వల్ల వచ్చేది కాదు. కరెంటు ఎంత వాడితే అంత బరువు. తీసేద్దామంటే కరెంటే రాదు.

గాలి_మిల్లు
అందుకే కదా మేడం ఫ్లైవీల్ పెడ్తరు. బరువు చక్రం ఒక్కసారి అందుకుంటే ఇగ ఆగది. వీడియోలల్ల 1 హెచ్‌పీ మోటారు ఫ్లైవీల్‌ను తిప్పుతది, ఫ్లైవీల్ 5 కిలోవాట్ల ఆల్టర్నేటర్‌ను తిప్పుతది, ఆల్టర్నేటర్ నుంచి మళ్ల మోటారుకే కరెంటు. మిగిలింది ఇంటికి. కండ్ల ముందట నడుస్తాంది.

వైండింగ్_మామ
ఆ వీడియోల నడుమ ఒక్కసారన్న కెమెరా కిందికి, వెనుకకు పోయిందా? నేను 30 ఏండ్ల నుంచి మోటార్లు చుడుతున్న. చిన్న మోటారు మంచిదైతే నూటికి 80 పాళ్లు పని ఇస్తది. బెల్టు 95. చిన్న ఆల్టర్నేటర్ 80. మోటారుకు 1,000 వాట్లు ఇస్తే షాఫ్టుకు 800, బెల్టు దాటితే 760, చివర 600 చిల్లర. ఆ 600 మళ్ల మోటారుకు ఇస్తే ఇంకో చుట్టుకు 370 కింద మీద. నాలుగైదు చుట్లకు ఖతం. ఇంటికి మిగిలేది ఎక్కడ?

లెక్కల_మేడం
ఫ్లైవీల్ శక్తిని దాచిపెడుతుంది, పుట్టించదు. ఎంత దాస్తుందో చూద్దాం. 50 కిలోల చక్రం, అర మీటరు వ్యాసం, నిమిషానికి 1,500 చుట్లు. దానిలో 20,000 జౌళ్ల కంటే కొంచెం తక్కువ ఉంటుంది. వినడానికి పెద్ద అంకె. వాట్ అవర్లలోకి మారిస్తే ఐదున్నర కూడా కాదు. 9 వాట్ల ఎల్ఈడీ అర గంట పైచిలుకు వెలుగుతుంది. 1 హెచ్‌పీ మోటారు అయితే అర నిమిషం లోపే. అందుకే ఆ వీడియోల్లో ఎల్ఈడీలే కనిపిస్తాయి, హీటరు కనిపించదు.

భద్రకాళి_బండ్
మేడం మా బడిల ఉంటే నేను గిట్ల ఉండకపోదును.

రిటైర్డ్_లైన్‌మెన్
మీ లెక్కలు మీరు చూసుకోండి గాని నేనొక మాట చెప్పాలె. మాగ్నెట్ జనరేటరో, డీజిల్ జనరేటరో, ఏదైనా సరే. ఇంటి వైరింగ్‌కు గుచ్చే ముందు చేంజోవర్ స్విచ్ (లైన్ కరెంటు, జనరేటర్ కరెంటు రెండిట్ల ఒక్కటే ఇంట్లకు పోనిచ్చేది) పెట్టుకోండ్రి. కొందరు రెండు దిక్కుల పిన్నులున్న వైరు చేసి సాకెట్ల గుచ్చుతరు. లైన్ బంద్ ఉన్నప్పుడు మీ జనరేటర్ కరెంటు మీటరు నుంచి ఎన్కకు లైన్ల మీదికి పోతది. ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోతే అక్కడ 230 కాస్త 11,000 వోల్టులైతది. స్తంభం మీద లైన్ బంద్ ఉన్నదనుకొని చెయ్యి పెట్టినోడు కింద పడ్తడు. మా సోపతిగాడు ఒకడు గట్లనే పోయిండు. ఎల్సీ (లైన్ బంద్ జేసినమని ఇచ్చే అనుమతి) తీసుకున్నంక కూడ లైన్‌ను ఎర్తు చేయనిది ముట్టుకోవద్దని కొత్త పోరగాండ్లకు చెప్పేది గందుకే.

రాతికోట
పెద్దాయన చెప్పింది వంద శాతం. నాది బ్యాటరీ వరకే, ఇంటి లైనుకు కలపలేదు.

గాలి_మిల్లు
సరే, మన పెద్దోళ్లు చెప్పింది కూడ నమ్మరా? భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలనే పాదరసంతోని తనంతట తాను తిరిగే చక్రం చెప్పిండు. ఇంగ్లండుల ఆక్స్‌ఫర్డ్ కాడ 1840 నుంచి ఒక గంట ఆగకుంట కొట్టుకుంటాంది. రామప్ప గుడి ఇటుకలు నీళ్లల్ల తేల్తయి. ఇవన్నీ ముందుగాల కుదరయి అన్నయే కదా.

ఖిలా_వరంగల్
భాస్కరుడి చక్రం మాట నిజం, 1150 ప్రాంతంలో రాశాడు. చక్రం ఆకులలో, అంటే ఇరుసు నుంచి అంచుకు వెళ్లే బోలు కమ్మీలలో, సగం వరకు పాదరసం పోసి మూసేస్తే చక్రం తనంతట తాను తిరుగుతుందని. అంతకంటే ముందే, 7వ శతాబ్దంలో బ్రహ్మగుప్తుడు కూడా ఇట్లాంటిది చెప్పాడు. ఆయన గణితం ముందు నేను చేతులు కట్టుకుని నిలబడతాను. కానీ చేసి చూస్తే ఆ చక్రం తిరగదు. పాదరసం ఒక పక్క దూరం జరిగినా, రెండో పక్క ఎక్కువ ఆకుల్లో ఉంటుంది, తూకం సరిపోయి ఆగిపోతుంది. యూరప్‌లో 13వ శతాబ్దం నుంచి ఇదే బొమ్మను సుత్తులతో, గుండ్లతో గీస్తూ వచ్చారు. అందరి చక్రాలూ ఆగాయి.

ఆగనిది ఒక్కటే, జర్మనీలో ఆర్ఫిరియస్ అని పేరు పెట్టుకున్నాయన చక్రం. 1717లో కాసెల్ కోటలో గదిలో పెట్టి తలుపుకు సీలు వేశారు. వారాల తర్వాత తెరిస్తే ఇంకా తిరుగుతోందట. లోపల ఏముందో మాత్రం ఎవరికీ చూపించలేదు, ఒక ప్రొఫెసర్ దగ్గరగా చూడబోతే తానే పగలగొట్టేశాడు. పక్క గదిలో నుంచి నేనే తిప్పాను అని తర్వాత పనిమనిషి చెప్పింది. పర్కాల తమ్ముడి పెట్టెకు కూడా సీలే కదా, పద్ధతి మారలేదు. 1775లో ఫ్రాన్స్ సైన్స్ అకాడమీ, ఇక ఇట్లాంటి యంత్రాల దరఖాస్తులు మాకు పంపొద్దు అని తీర్మానం చేసింది. విసిగిపోయారు పాపం.

లెక్కల_మేడం
ఆక్స్‌ఫర్డ్ గంట నిజంగానే మోగుతోంది. దాని వెనక పాతకాలపు డ్రై పైల్ బ్యాటరీ ఉంది. లోలకం కదలిక కొన్ని మిల్లీమీటర్లే, తీసుకునే కరెంటు ఇసుమంత. బ్యాటరీ అయిపోతే ఆగుతుంది. రామప్ప ఇటుకలు నీటికంటే తేలిక, లోపల అన్నీ బొరియలు, అందుకే తేలుతాయి. 1213 నాటి పనివాళ్ల నేర్పు అది, గోపురం బరువు తగ్గించడానికి. చూడటానికి వింతగా ఉండటం వేరు, శక్తి లెక్క తప్పడం వేరు.

జనగామ_జంక్షన్
మీరు పరమహంస తివారీ పేరు ఎత్తలేదు. ఆయన ఊరి మోసగాడు కాదు, కైగా అణు విద్యుత్ ప్రాజెక్టు నడిపిన ఇంజినీరు. ఇచ్చినదానికంటే ఎక్కువ కరెంటు ఇచ్చే జనరేటర్ చేశానన్నాడు. ఆయనను కూడా ఆ రేకు పెట్టె వాడితో కలిపేస్తారా?

ఖిలా_వరంగల్
కలపను. తివారీ చదువు, నిజాయతీ వేరు. కానీ మనిషి పెద్దవాడైనంత మాత్రాన మీటరు రీడింగ్ పెద్దది కాదు. దశాబ్దాల పాటు చెప్పారు, 2017లో పోయారు, ఆ జనరేటర్‌తో కరెంటు తీసుకుంటున్న ఊరు ఒక్కటైనా చూపించండి. ఐర్లండ్‌లో స్టియోర్న్ అనే కంపెనీ 2006లో పెద్ద పత్రికలో ప్రకటన ఇచ్చి మరీ శాస్త్రవేత్తలను పిలిచింది, మా మాగ్నెట్ల యంత్రాన్ని పరీక్షించండి అని. 2007లో లండన్‌లో పెట్టిన ప్రదర్శన మొదలే కాలేదు, లైట్ల వేడికి పాడైందన్నారు. 2009లో వాళ్లు పిలిచిన జ్యూరీయే శక్తి పుట్టినట్టు చూపలేదని తేల్చింది. 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ జోసెఫ్ న్యూమన్ యంత్రాన్ని కొలిచింది. ప్రతిసారీ బయటికి వచ్చింది లోపలికి పోయినదానికంటే తక్కువే. వీళ్లెవరికీ పరీక్ష అవకాశం దొరక్కపోలేదు.

నర్సంపేట_మిర్చి
మూలికల పెట్రోలు గుర్తుందా ఎవరికన్న? 1996ల తమిళనాడుల రామర్ పిళ్లై. నీళ్లల్ల ఆకు ఏసి మరగబెడ్తె పెట్రోల్ అయితదన్నడు. మా నాయన టీవీల చూసి ఆ ఆకు మన పాకాల అడవిల దొరుకుతదేమో అని తిరిగిండు 😄 2016ల చెన్నై కోర్టు మూడేండ్ల జైలు ఏసింది.

పర్కాల_పోరడు
అందరివీ చిన్నబాపుకు చదివి వినిపిచ్చిన. మేడం లెక్కలు ఆయన చెవికి ఎక్కలేదు గని వైండింగ్ మామ చెక్క కింది బ్యాటరీ ముచ్చటకు మాత్రం ఆలోచనల పడ్డడు. అమ్మేటాయనకు ఫోన్ జేసి పెట్టె విప్పి చూపెట్టుమన్నం. పేటెంట్ వస్తాంది, అప్పటిదాక చూపెట్టరాదు అన్నడు.

జనగామ_జంక్షన్
మాగ్నెట్లే తిప్పుతాయని ఆయన చెప్పేదానికైతే పేటెంట్ రాదు. మన పేటెంట్ల చట్టం 1970లో సెక్షన్ 3(ఎ) ఉంది, స్థిరపడిన ప్రకృతి నియమాలకు విరుద్ధమైనవాటికి పేటెంట్ ఇవ్వకూడదని. దరఖాస్తు పెట్టడం ఎవరైనా పెట్టొచ్చు, ఆ కాగితం చూపించి మోసపోయినవాళ్లు ఉన్నారు. దరఖాస్తు నంబరు అడుగు, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. నేను తివారీ గారి గురించి ఇంకా ఖిలా అన్నతో ఒప్పుకోవడం లేదు, అది వేరే సంగతి.

వైండింగ్_మామ
విప్పుడు ఎందుకు? విప్పకుంటనే తెల్సుకోవచ్చు. తమ్మీ, నువ్వు గిట్ల జెయ్.

బజార్ల రాడ్ హీటర్లు దొరుకుతయి, 1,500 వాట్లవి. నాలుగు తీసుకపో, నాలుగు బకెట్లల్ల నీళ్లు పెట్టి ముంచు. 6 కిలోవాట్లు. వాని మిషిని 10 అంటుండు కదా, 6 అంటే దానికి లెక్కనే కాదు. వోల్టు మీటరు ఎంత చూపిచ్చినా నమ్మకు, లోడ్ లేకుంటే చిన్న డైనమో కూడ 230 చూపెడ్తది. టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) పట్టుకొని ఒక్క వైరు మీదనే పెట్టి ఆంపియర్లు చూడు, సుమారు 26 రావాలె. ఒక గంట నడిపి బకెట్ల నీళ్లు తెర్లితే మాట్లాడుదాం. పెట్టెను నేల మీద నుంచి లేపి రెండు ఇటుకల మీద పెట్టుమను, కిందికెళ్లి వైరు వచ్చిందా చూడు. స్టార్టింగ్ బ్యాటరీ తీసి బయట పెట్టాలె.

లెక్కల_మేడం
ఇంతకంటే మంచి ప్రయోగం నేను కూడా చెప్పలేను. గంటకు 6 యూనిట్లు. పెట్టెలో రెండు బ్యాటరీలు దాచినా సరిపోవు, గుట్టంతా అక్కడే బయటపడుతుంది.

కాజీపేట_డీజిల్‌షెడ్
బకెట్ల నీళ్లు కాగితే ఊరందరికీ స్నానాలు. కాగకపోతే వానికి.

రిటైర్డ్_లైన్‌మెన్
రాడ్ హీటర్ నీళ్లల్ల ఉన్నప్పుడు చెయ్యి పెట్టి వేడి చూడకుండ్రి. స్విచ్ బంద్ జేసి, పిన్ను గుంజి, గప్పుడు ముట్టాలె. ఏటా ఎవడో ఒకడు చస్తనే ఉన్నడు.

గాలి_మిల్లు
హీటర్లు పెట్టుడు కరెక్ట్ కాదు. మాగ్నెట్ జనరేటర్‌కు మెల్లమెల్లగ లోడ్ పెంచాలె. ఒక్కసారే 6 కిలోవాట్లు వేస్తే ఫీల్డ్ కొల్లాప్స్ అయితది.

వైండింగ్_మామ
సరే మెల్లగనే పెంచు తమ్మీ. పది నిమిషాలకు ఒక బకెట్. గిర్ని మోటారు మెల్లగ లేస్తదా మరి? స్విచ్ ఒత్తితే ఒక్క దెబ్బకే గుంజుతది.

ములుగు_రోడ్డు
మధ్యల వస్తున్న, చాలాసేపటి నుంచి చదువుతున్న. బిల్లు తగ్గుడే కావాలంటే చిన్నబాపుకు చెప్పుకునే తోవలు ఉన్నయి. మా మేనమామది కూడ గిర్నే. బెల్టు జారుతుంటే, రాళ్లు సరిగ్గ చెక్కకుంటే మోటారు ఊరికెనే గుంజుతది, అవి చూపించినంకనే బిల్లు ఫరక్ పడ్డది. బిల్లుల కేవీఏహెచ్ లెక్క (మోటారు పనికి రాకుంట గుంజే కరెంటును కూడ కలిపే లెక్క) ఉంటే కెపాసిటర్ పనిచేస్తున్నదా చూడాలె, పాడైతే పైసలు దండుగ. షెడ్డు మీద రేకులు బలంగుంటే సోలార్. 1 కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున వస్తది. గని 78,000 దాక సబ్సిడీ అని చెప్పే సూర్యఘర్ స్కీము ఇండ్లకే, గిర్నికి రాదు. అది కూడ ఎవడో గిర్నికి ఇప్పిస్తా అని వస్తడు, చూసుకో.

పర్కాల_పోరడు
మళ్ల వచ్చిన. రాడ్ హీటర్లు తీసుకొని వస్తున్నం అని ఫోన్ జేస్తే, అమ్మేటాయన రెండు మాటలు చెప్పిండు. ఒకటి, హీటర్ల అసొంటి లోడ్ పెడ్తె మాగ్నెట్లు వేడికి పాడైతయి, వారంటీ పోతది. రెండు, ఈ వారం వేరే జిల్లాల డెమోలు ఉన్నయి, వచ్చే నెల వస్త.

లెక్కల_మేడం
మాగ్నెట్ వేడికి పాడవడం వరకు నిజం, మామూలు నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది. కానీ వేడెక్కేది బకెట్లో నీళ్లు, పెట్టెలో మాగ్నెట్లు కాదు కదా. 10 కిలోవాట్ల యంత్రం 6 కిలోవాట్లకే 80 డిగ్రీలు దాటితే గిర్నిని ఏం నడుపుతుంది?

భద్రకాళి_బండ్
వచ్చే నెల అంటే అమావాస్య చూసుకొని వస్తడేమో.

పర్కాల_పోరడు
చిన్నబాపు లక్ష అయితే ఇయ్యలేదు. గని మనసుల ఇంకా ఉన్నది. "గాలి మరలు ఉత్తగ తిరుగుతలేవా, ఇది మాత్రం ఎందుకు తిరగది" అంటుండు. గాలి తిప్పుతుంది కదా బాపూ అంటే, "మాగ్నెట్ కూడ కనపడని గాలి అసొంటిదే" అని. ఇగ నేనేం చెప్పాలె. బెల్టు, రాళ్లు మాత్రం చూపిస్తా అన్నడు, మిస్త్రీకి చెప్పినం.

గాలి_మిల్లు
మీ చిన్నబాపు కరెక్ట్ మాట అన్నడు 🙏 నేను దసరాకు నా సొంత మోడల్ పెడ్త, అందరూ వచ్చి చూడుండ్రి.

వైండింగ్_మామ
రా తమ్మీ, నా షాపు బెంచీ మీదనే పెట్టు. మీటర్లు నావి, చాయ్ నాది.

హనుమకొండ_అమ్మ
ఇదే చర్చలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మా బాబు ఎనిమిదో తరగతి, సైన్స్ ఫెయిర్‌కి యూట్యూబ్‌లో చూసి ఫ్రీ ఎనర్జీ ఫ్యాన్ చేస్తానంటున్నాడు. కంప్యూటర్ ఫ్యాన్, చుట్టూ మాగ్నెట్లు. వద్దంటే ఏడుస్తాడు. మాగ్నెట్లు మాత్రం కొనేశాం. ఏం చేయించాలి?

రాతికోట
ఆ వీడియో ఫ్యానుల వైరు అడుగున ఉంటది, లేదంటే నాణెం అంత బ్యాటరీ దాస్తరు. మా అల్లుడు కూడ అదే చేసి పరేషాన్ అయిండు.

లెక్కల_మేడం
మాగ్నెట్లు పారేయకండి. మంచి పని ఉంది. ఒక రాగి పైపు తెచ్చి నిలువుగా పట్టుకుని, పై నుంచి గుండ్రటి నియోడిమియం ముక్క వదలమనండి. రాగిని మాగ్నెట్ అంటుకోదు, అయినా ముక్క మెల్లగా జారుకుంటూ వస్తుంది. అదే సైజు ఇనుప ముక్క వేస్తే టక్కున పడుతుంది. తర్వాత రాగి పైపు మీద కాకుండా, ప్లాస్టిక్ పైపు మీద సన్నని వైండింగ్ వైరు చుట్టి చిన్న ఎల్ఈడీ పెట్టించండి, మాగ్నెట్‌ను పైపు లోపల ఊపితే మిణుకుమంటుంది. ఆపితే ఆరిపోతుంది. జడ్జీలు అడిగితే చెప్పడానికి వాడికి బోలెడంత ఉంటుంది.

హనుమకొండ_అమ్మ
రాగి పైపు ఎక్కడ దొరుకుతుంది మేడం? హార్డ్‌వేర్ షాపులో ప్లాస్టిక్‌వే ఉన్నాయి.

వైండింగ్_మామ
ఏసీ మెకానిక్‌ల కాడ తుకుడాలు పడి ఉంటయి అక్కా. అర ఇంచు పైపు అడుగు, రెండు ఫీట్లు. దాంట్ల 10 ఎంఎం గుండ్రటి మాగ్నెట్ పడ్తది. ఏసీ పైపు గోడ పల్చగుంటది, మందం ఉన్నది దొరికితే ఇంకా మెల్లగ దిగుతది. వంకర లేకుంట చూసుకో, లేకపోతే మధ్యల ఇరుక్కుంటది. ఎల్ఈడీకి 36 గేజ్ వైరు వెయ్యి చుట్లకు తక్కువైతే వెలగది. ఆ వైరు నా కాడ ఉన్నది, పిలగాన్ని తోలియ్యి.

హనుమకొండ_అమ్మ
థాంక్యూ అన్నా. షాపు ఎక్కడో మెసేజ్ పెట్టండి, ఆదివారం తెరిచే ఉంటుందా?

వైండింగ్_మామ
పొద్దుగాల 11 దాక ఉంట. మెసేజ్ పెట్టిన చూడు.